ట్యూబ్ ఆంప్ ముందు ప్యానెల్: ఏ నాబ్ ఏం చేస్తుంది? ముందు ఏది తిప్పాలి?

మా ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్ట్. ఆఖరి సంవత్సరం. స్టేజ్ మీద మా బ్యాండ్, కింద క్లాస్ మొత్తం. నా వెనకాల అద్దెకు తెచ్చిన ట్యూబ్ ఆంప్. అప్పటిదాకా నేను వాయించిందంతా ఫోన్‌లో ఆంప్ యాప్, చెవులకి హెడ్‌ఫోన్స్. నిజం ట్యూబ్ ఆంప్‌ని ముట్టుకోవడం అదే మొదటిసారి. అయినా భయం దేనికి? యాప్‌లో నాకు తెగ నచ్చిన సెట్టింగ్ ఒకటి ఉంది కదా: బాస్ 8, మిడిల్ 2, ట్రెబుల్ 8. అవే నంబర్లు ఆంప్ మీద పెట్టేశాను.

సోలో మొదలైంది. మిక్సర్ దగ్గరున్న సౌండ్ అన్న నా వైపే చూస్తూ "మిడిల్... మిడిల్..." అని చేత్తో సైగ చేస్తున్నాడు. స్టేజ్ మధ్యలోకి రమ్మంటున్నాడేమో అనుకుని, వాయిస్తూనే నడిచొచ్చి సరిగ్గా మధ్యలో నిలబడ్డాను!

మర్నాడు ఫ్రెండ్ ఫోన్‌లో తీసిన వీడియో చూశాం. డ్రమ్స్ వినిపిస్తున్నాయి. బాస్ గిటార్ వినిపిస్తోంది. నేను మాత్రం కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టి వేళ్లు కదుపుతున్నాను. గిటార్ సౌండే లేదు. "ఏరా, వాయించావా, యాక్ట్ చేశావా?" అన్నాడు మా డ్రమ్మర్. మూడు నెలలు ప్రాక్టీస్ చేసిన సోలో అది. ఆ ఫెస్ట్ మళ్లీ రాలేదు.

మీలో చాలామంది ఇప్పుడు ఇదే దశలో ఉండొచ్చు. ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఆంప్ యాప్ వాడి వాడి, ఒకరోజు జామ్ రూమ్‌లో నిజమైన ట్యూబ్ ఆంప్ ముందు నిలబడతారు. గంటకి ఇంతని అద్దె కడుతున్నారు, పక్కన బ్యాండ్ వాళ్లు వెయిట్ చేస్తున్నారు, ఎదురుగా ఆరు నాబ్‌లు. ఆ ఆరింటికీ అర్థం తెలిస్తే రెండు నిమిషాల పని. తెలియకపోతే గంటంతా తిప్పుతూనే ఉంటారు. అందుకే ఈ ఆర్టికల్.

ఏ ఆంప్‌తో నేర్చుకుందాం?

ఉదాహరణకి మార్షల్ జేసీఎం 800 తీసుకుందాం, మోడల్ నంబర్ 2203. రాక్ మ్యూజిక్ వినేవాళ్లకి పేరు తెలియకపోయినా సౌండ్ తెలిసే ఉంటుంది. 1981లో ఈ సిరీస్ వచ్చింది. జేసీఎం అంటే కంపెనీ పెట్టిన జేమ్స్ చార్లెస్ మార్షల్ ఇనీషియల్స్. ఆయన లండన్‌లోని హాన్‌వెల్ ప్రాంతంలో డ్రమ్స్ షాపు నడిపేవారు. 1960ల మొదట్లో ఫెండర్ బాస్‌మన్ అనే అమెరికన్ ఆంప్ సర్క్యూట్ ఆధారంగా తన టీమ్‌తో మొదటి ఆంప్ తయారు చేయించారు. ఆ వంశంలోదే ఈ 800.

ఇదే ఎందుకంటే, దీని ప్యానెల్‌లో దాపరికం ఏమీ లేదు. ఛానెల్ బటన్లు లేవు, స్క్రీన్ లేదు, బ్లూటూత్ లేదు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అసలే లేదు. రెండు ఇన్‌పుట్‌లు, ఆరు నాబ్‌లు, రెండు స్విచ్‌లు. పైగా మన ఆంప్ యాప్‌లలో 'ఎనభైల బ్రిటిష్ ఆంప్' అని కనిపించే మోడల్స్‌లో ఎక్కువ శాతం దీన్నే అనుకరిస్తాయి. అంటే ఆంప్ లేకపోయినా ఇక్కడ చెప్పేది ఫోన్‌లో ట్రై చేయొచ్చు.

స్పెసిఫికేషన్ క్లుప్తంగా: 100 వాట్లు. ముందు భాగంలో మూడు 12ఏఎక్స్7 ట్యూబులు, పవర్ భాగంలో నాలుగు ఈఎల్34 ట్యూబులు. మన తాతయ్యల ఇళ్లలో వాల్వు రేడియో ఉండేది కదా, ఆన్ చేశాక కాసేపు వేడెక్కి ఆ తర్వాత పాట వచ్చేది. ఈ ట్యూబులూ ఆ జాతివే.

ఈ ప్యానెల్‌ని ఉర్దూలా చదవాలి

హైదరాబాద్ వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. 2203 ప్యానెల్‌ని కుడి నుంచి ఎడమకి చదవాలి. కుడి చివర ఇన్‌పుట్‌లు. అక్కడి నుంచి వరుసగా ప్రీఆంప్ వాల్యూమ్, మాస్టర్ వాల్యూమ్, ట్రెబుల్, మిడిల్, బాస్, ప్రెజెన్స్. ఎడమ చివర స్టాండ్‌బై, పవర్ స్విచ్‌లు.

గిటార్ సిగ్నల్ కుడి వైపు లోపలికి వెళ్లి ఒక్కో మెట్టు దాటుకుంటూ స్పీకర్‌కి చేరుతుంది. ప్యానెల్ మీద చిన్న తిరకాసు ఒకటుంది. మాస్టర్ నాబ్ ట్రెబుల్ కన్నా ముందు కనిపిస్తుంది కానీ, సర్క్యూట్‌లో దాని స్థానం టోన్ నాబ్‌ల తర్వాత. కాబట్టి అసలు వరుస ఇది:

ఇన్‌పుట్ → ప్రీఆంప్ వాల్యూమ్ → ట్రెబుల్, మిడిల్, బాస్ → మాస్టర్ → పవర్ ట్యూబులు, ప్రెజెన్స్ → స్పీకర్.

ఈ ఒక్క లైన్ గుర్తుంటే చాలు. ఏ నాబ్ ఎక్కడ కూర్చుందో తెలిస్తే, అది ఏం మార్చగలదో, ఏం మార్చలేదో తెలిసిపోతుంది. యాప్‌లో స్లైడర్లన్నీ ఒకే వరుసలో, ఒకే సైజులో ఉంటాయి కాబట్టి వేటికవే స్వతంత్రం అనిపిస్తుంది. ఇక్కడ అలా కాదు. ముందున్న నాబ్ తిప్పితే వెనకున్న నాబ్‌ల పని కూడా మారిపోతుంది.

పవర్ ఆన్ చేసే ముందు మూడు చెకింగ్‌లు

ఈ భాగం మాత్రం స్కిప్ చేయకండి. ఇక్కడ పొరపాటు జరిగితే సౌండ్ బాగోకపోవడంతో ఆగదు.

ఒకటి, స్పీకర్ కనెక్ట్ అయ్యుందా? ట్యూబ్ ఆంప్‌ని స్పీకర్ లేకుండా నడపకూడదు. లోడ్ లేకపోతే లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజ్ విపరీతంగా పెరిగి అది కాలిపోయే ప్రమాదం ఉంది. హెడ్, క్యాబినెట్ విడివిడిగా ఉంటే మధ్యలో స్పీకర్ కేబులే వాడాలి. గిటార్ కేబుల్ చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ ఆ పనికి పనికిరాదు. క్యాబినెట్ మీద 16 ఓమ్స్ అని ఉంటే ఆంప్ వెనక సెలెక్టర్ కూడా 16 మీదే ఉండాలి.

రెండు, వోల్టేజ్. మన దగ్గర కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120. అమెరికాలో ఉండే అన్నయ్య సెలవులకి వస్తూ ఆంప్ తెచ్చాడనుకోండి, ఆనందంలో ప్లగ్ కన్వర్టర్ తగిలించి మన సాకెట్‌లో పెట్టేయకండి. కన్వర్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది, వోల్టేజ్ మార్చదు. ఫోన్ ఛార్జర్ 100 నుంచి 240 దాకా తట్టుకుంటుంది కాబట్టి మనకి ఆ అలవాటు పట్టేసింది. ట్యూబ్ ఆంప్ అలా తట్టుకోదు. వెనక ప్యానెల్ మీద ఎంత రాసుందో చూడండి. 120 అని మాత్రమే ఉంటే, ఆంప్ లాగే పవర్‌కి సరిపడా స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

మూడు, మాస్టర్ నాబ్ సున్నా మీద ఉందా? మీకన్నా ముందు వాయించిన బ్యాండ్ ఎంత మీద వదిలేసి వెళ్లిందో ఎవరికి తెలుసు?

ఇప్పుడు పవర్ స్విచ్ ఆన్ చేయండి. ట్యూబుల్లో ఫిలమెంట్ వేడెక్కడం మొదలవుతుంది, దానికి 6.3 వోల్టులు చాలు. ఒక నిమిషం ఆగి స్టాండ్‌బై స్విచ్‌ని ప్లే వైపు వేయండి. అప్పుడు ట్యూబులకి 400 వోల్టులకు పైబడిన కరెంటు చేరుతుంది. మధ్యలో పది నిమిషాలు టీ బ్రేక్ అయితే పవర్ తీసేయక్కర్లేదు, స్టాండ్‌బైలో పెడితే సరిపోతుంది.

ఇంకో మాట. రిపేర్ వీడియోలు చూసి ఆంప్ వెనక మూత విప్పకండి. ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత ఛార్జ్ మిగిలి ఉండొచ్చు.

హై, లో: రెండు ఇన్‌పుట్‌లు ఎందుకు?

మామూలుగా అందరూ హై లోనే గుచ్చుతారు. అందులో గుచ్చితే సిగ్నల్ అన్ని ట్యూబ్ స్టేజ్‌లూ దాటుతుంది. లో లో గుచ్చితే మొదటి స్టేజ్‌ని తప్పించుకుని లోపలికి వెళ్తుంది. మరీ క్లీన్‌గా, చక్కగా ఒక్కో స్వరం విడివిడిగా వినిపించాలంటే లో వాడండి. రాక్‌కి, మెటల్‌కి హై.

12ఏఎక్స్7 అనే చిన్న గాజు బుడ్డిలో నిజానికి రెండు ఆంప్లిఫయర్లు ఉంటాయి. గిటార్ పికప్ ఇచ్చే సిగ్నల్ వోల్టులో చిన్న భాగం మాత్రమే. ఒక్కో స్టేజ్ దాన్ని పదుల రెట్లు పెంచుతుంది. అంటే ఒక స్టేజ్ తప్పించామంటే తేడా చెవికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ప్రీఆంప్ వాల్యూమ్: పేరు వాల్యూమ్, పని వేరు

చాలా ఆంప్‌ల మీద దీన్నే 'గెయిన్' అంటారు. సిగ్నల్ తర్వాతి ట్యూబుల్లోకి ఎంత గట్టిగా వెళ్లాలో ఇది నిర్ణయిస్తుంది. తక్కువగా ఉంటే ట్యూబ్ దాన్ని ఉన్నదున్నట్టు పెంచి పంపుతుంది. ఎక్కువైతే ట్యూబ్ మోయలేదు. అల పైభాగం, కిందిభాగం నొక్కుకుపోతాయి. ఆ నొక్కుడే మనం ముచ్చటపడే డిస్టార్షన్.

ఇందులో రెండు విషయాలు గమనించాలి.

మొదటిది, గెయిన్ పెరిగేకొద్దీ మెల్లగా మీటినా గట్టిగా మీటినా సౌండ్ దాదాపు ఒకేలా వస్తుంది. ఒంటరిగా వాయిస్తుంటే చాలా బాగుంటుంది. స్వరం సాగుతుంది, తప్పులు కప్పుకుపోతాయి. కానీ మీటులోని పదును కూడా పోతుంది. బ్యాండ్‌లో డ్రమ్స్ మధ్య నుంచి గిటార్‌ని జనం చెవికి చేర్చేది ఆ పదునే. అందుకే పాత రికార్డింగ్‌లు జాగ్రత్తగా వింటే, వాటిలో గెయిన్ మనం అనుకున్నదానికన్నా తక్కువే ఉంటుంది.

రెండోది, 2203లో ఈ నాబ్‌కి 'బ్రైట్ కెపాసిటర్' అనే చిన్న భాగం జోడించి ఉంటుంది. నాబ్ తక్కువ మీద ఉన్నప్పుడు అది హై ఫ్రీక్వెన్సీలని పక్కదారిలో పంపించేస్తుంది. అందుకే 2, 3 మీద సౌండ్ సన్నగా, గుచ్చుకున్నట్టు ఉంటుంది. 6 దాటితే ఆ ప్రభావం తగ్గి సౌండ్ నిండుగా అవుతుంది. "సన్నగా ఉంది" అని బాస్ నాబ్ మీద పడకండి. ముందు దీన్ని ఒకటి రెండు గీతలు పెంచి చూడండి.

ట్రెబుల్, మిడిల్, బాస్: పెంచడం అనేదే లేదు!

అసలు కథ ఇక్కడుంది. ఫెస్ట్‌లో నా పరువు పోయింది కూడా ఇక్కడే.

ఫోన్‌లో ఈక్వలైజర్ చూసే ఉంటారు. మధ్యలో సున్నా, పైకి జరిపితే పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. అన్నీ మధ్యలో ఉంటే ఏ మార్పూ లేనట్టు. ఆంప్ మీద నాబ్‌లన్నీ 5 మీద పెడితే అదే లెక్క అనుకుంటాం. తప్పు.

ఈ మూడు నాబ్‌ల వెనక ఉన్నది కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు మాత్రమే. వాటికి సిగ్నల్‌ని పెంచే శక్తి లేదు, తగ్గించడం ఒక్కటే తెలుసు. మూడూ సున్నా చేసి చూడండి, సౌండ్ దాదాపు ఆగిపోతుంది. అంటే మిడిల్ 10 అన్నా 'మిడిల్ బాగా పెంచాం' అని కాదు, 'మిడిల్‌ని అతి తక్కువ కోశాం' అని. మూడూ 5 మీద ఉన్నప్పుడు కూడా మధ్య ఫ్రీక్వెన్సీల్లో ఒక గుంట ఉంటుంది. నేను మిడిల్ 2 మీద పెట్టి ఆ గుంటని బావి చేశాను.

ఆ బావిలో పడింది ఏంటో లెక్క చూద్దాం. గిటార్ లావు తీగ ఉత్తది మీటితే 82 హెర్ట్జ్. సన్న తీగ 22వ ఫ్రెట్ దగ్గర సుమారు 1175 హెర్ట్జ్. మనం వాయించే స్వరాల మూల ఫ్రీక్వెన్సీలన్నీ ఈ మధ్యలోనే. అంటే గిటార్ పుట్టుకే మిడిల్ వాయిద్యం. కింద బాస్ గిటార్ ఉంది, దాని లావు తీగ 41 హెర్ట్జ్. అక్కడే కిక్ డ్రమ్ కూడా ఉంది. పైన సింబల్స్ గోల. బాస్ 8, ట్రెబుల్ 8 పెట్టి నేను వాళ్ల ఇళ్లల్లోకి దూరాను, నా ఇల్లు ఖాళీ చేసేశాను.

మరి అదే సెట్టింగ్ హెడ్‌ఫోన్స్‌లో అంత బాగా ఎందుకుంది? రెండు కారణాలు. ఇంట్లో డ్రమ్మర్ లేడు, బాసిస్ట్ లేడు, పోటీయే లేదు. రెండోది మన చెవుల సంగతి. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి లోతైన సౌండ్లు, బాగా పైనుండే సౌండ్లు తక్కువ వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే ఇది కొలిచి చూపించారు. అందుకే ఇంట్లో మెల్లగా వింటూ బాస్, ట్రెబుల్ పెంచేస్తాం. అదే సెట్టింగ్‌ని స్టేజ్ వాల్యూమ్‌లో పెడితే కింద గుమగుమ, పైన సరసర, మధ్యలో ఏమీ ఉండదు.

ఇంకో చిక్కు, ఈ మూడు నాబ్‌లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ట్రెబుల్ బాగా ఎక్కువ పెడితే మిడిల్, బాస్ తిప్పినా తేడా తక్కువ తెలుస్తుంది. మిడిల్ పెంచితే మొత్తం సౌండ్ కూడా కొంచెం లేస్తుంది. అందుకే నా వరుస ఇది: మూడూ 5 మీద పెట్టి, ముందు ట్రెబుల్, తర్వాత బాస్, చివరికి మిడిల్. బ్యాండ్‌తో వాయిస్తుంటే మిడిల్ 6 కన్నా తగ్గించే ముందు ఒకసారి ఆలోచిస్తాను.

మాస్టర్: వాట్లు చూసి మోసపోకండి

మాస్టర్ లేని పాత ఆంప్‌లలో డిస్టార్షన్ కావాలంటే వాల్యూమ్ మొత్తం పెంచాల్సిందే. 100 వాట్ల ఆంప్‌ని అలా పెంచితే గోడలు కదులుతాయి. ఆ బాధ తప్పించడానికే ఈ నాబ్. ప్రీఆంప్‌లో కావలసినంత డిస్టార్షన్ తెచ్చుకుని, బయటికి ఎంత రావాలో మాస్టర్‌తో చూసుకోవచ్చు.

కానీ 'ఒక్క గీతే కదా' అనుకోకండి. గిటార్ స్పీకర్లకి కేవలం 1 వాట్ ఇస్తే, మీటర్ దూరంలో సుమారు 97 నుంచి 100 డెసిబెల్స్ సౌండ్ వస్తుంది. మళ్లీ చదవండి, ఒక్క వాట్! అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటల దాకా ఉండొచ్చు. ఆ తర్వాత ప్రతి 3 డెసిబెల్స్‌కి టైమ్ సగమవుతుంది. 100 డెసిబెల్స్‌కి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. ఇక 100 వాట్ల సంగతి మీరే ఊహించుకోండి. జామ్ రూమ్‌కి వెళ్లేటప్పుడు పిక్ మర్చిపోయినా పర్లేదు, ఇయర్ ప్లగ్స్ మాత్రం మర్చిపోకండి. స్పీకర్ పోతే కొత్తది కొనొచ్చు.

కొనేవాళ్లకి ఒక టిప్. 50 వాట్ల ఆంప్‌కీ 100 వాట్ల ఆంప్‌కీ సౌండ్‌లో తేడా 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పది రెట్ల వాట్లు కావాలి. అంటే 10 వాట్ల ట్యూబ్ ఆంప్‌తో పోలిస్తే 100 వాట్లది సుమారు రెట్టింపు గట్టిగా వినిపిస్తుందంతే. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ 'ఎందుకైనా మంచిది' అని 100 వాట్లు కొనకండి. మాస్టర్ జీవితాంతం 1 మీదే ఉండిపోతుంది.

మాస్టర్ 3, 4 దాటాక పవర్ ట్యూబులు కూడా పని మొదలుపెట్టి సౌండ్ లావెక్కుతుంది. అందుకే వాల్యూమ్ మార్చిన ప్రతిసారీ టోన్ నాబ్‌లు మళ్లీ ఒకసారి సరిచూసుకోవాలి.

ప్రెజెన్స్: ఇంకో ట్రెబుల్ కాదు

"ట్రెబుల్ ఉండగా ఇదెందుకు?" అని నేనూ అనుకునేవాణ్ణి. పైన రాసుకున్న వరుస గుర్తు తెచ్చుకోండి. ట్రెబుల్ ఉన్నది మాస్టర్‌కి ముందు, ప్రెజెన్స్ ఉన్నది ఆఖర్న, పవర్ భాగంలో. స్పీకర్ వైపు నుంచి కొంత సిగ్నల్‌ని వెనక్కి తెచ్చి, పవర్ భాగాన్ని అదుపులో పెట్టే ఏర్పాటు ఒకటి ఆంప్‌లో ఉంటుంది. ప్రెజెన్స్ పెంచితే హై ఫ్రీక్వెన్సీలకి ఆ అదుపు సడలుతుంది. ఫలితం, మీటగానే వచ్చే మెరుపు, పదును.

పడుకునే గదిలో మెల్లగా వాయిస్తున్నప్పుడు దీని తేడా పెద్దగా తెలియకపోవచ్చు. అందుకని 8 మీద పెట్టేసి స్టేజ్ ఎక్కితే ముందు వరసలో వాళ్లు చెవులు మూసుకుంటారు. దీన్ని అన్నిటికన్నా చివర, అసలు వాల్యూమ్‌లో ఉన్నప్పుడే సెట్ చేయండి.

సెట్ చేసేటప్పుడు ఎక్కడ నిలబడ్డారన్నది కూడా ముఖ్యమే. గిటార్ స్పీకర్ హై ఫ్రీక్వెన్సీలని టార్చ్‌లైట్ లాగా సూటిగా కొడుతుంది. ఆంప్ నేల మీద ఉండి, మీరు పక్కనే నిలబడితే ఆ వెలుగు మీ మోకాళ్లకి తగులుతుంది. "పదును చాలట్లేదు" అని మీరు పెంచుతూ పోతారు, ఎదురుగా ఉన్నవాళ్లకి తల పగిలిపోతుంది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి, స్పీకర్‌కి ఎదురుగా వంగి వినండి.

ఏడో నాబ్ మీ చేతిలోనే ఉంది

గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ని చాలామంది 10 మీద పెట్టి మర్చిపోతారు. ట్యూబ్ ఆంప్‌కి అదే అసలు ఛానెల్ స్విచ్. ఆంప్‌ని లీడ్‌కి సరిపోయేలా సెట్ చేసి, గిటార్ వాల్యూమ్ 10 నుంచి 5కి తగ్గించండి. ట్యూబులకి వెళ్లే సిగ్నల్ తగ్గుతుంది కాబట్టి డిస్టార్షన్ కరిగిపోయి దాదాపు క్లీన్ సౌండ్ వస్తుంది. చరణానికి 5, పల్లవికి 7, సోలోకి 10. కాలితో పెడల్ తొక్కే పనే లేదు.

రెండు నిమిషాల పద్ధతి

స్క్రీన్‌షాట్ తీసుకోవాలనుకుంటే ఇక్కడ తీసుకోండి.

1. స్పీకర్, వోల్టేజ్ చెక్. మాస్టర్ 0. పవర్ ఆన్. ఒక నిమిషం ఆగి స్టాండ్‌బై తీయండి.
2. కేబుల్ హై ఇన్‌పుట్‌లో. గిటార్ వాల్యూమ్ 10. ట్రెబుల్, మిడిల్, బాస్ 5. ప్రెజెన్స్ 3. ప్రీఆంప్ 5.
3. మాస్టర్‌ని వెంట్రుక వాసి చొప్పున పెంచుతూ డ్రమ్స్‌కి సమానంగా వినిపించే దాకా తీసుకురండి.
4. ఇప్పుడు ప్రీఆంప్. కావలసినంత డిస్టార్షన్ వచ్చాక, అక్కడి నుంచి ఒక గీత వెనక్కి.
5. ట్రెబుల్, తర్వాత బాస్, ఆ తర్వాత మిడిల్. ఒక్కసారికి ఒక్క నాబే.
6. బ్యాండ్ మొత్తం వాయిస్తుండగా వినండి. గిటార్ మునిగిపోతే మాస్టర్ ముట్టుకోకుండా ముందు మిడిల్ పెంచండి.
7. ఆఖర్న ప్రెజెన్స్.

నేను మొదలుపెట్టే నంబర్లు కూడా ఇస్తున్నాను. రిథమ్‌కి: ప్రీఆంప్ 5, బాస్ 4, మిడిల్ 7, ట్రెబుల్ 5, ప్రెజెన్స్ 3. లీడ్‌కి: ప్రీఆంప్ 7, మిడిల్ 8, మిగతావి అంతే. మీ గిటార్, మీ గది, మీ డ్రమ్మర్ వేరు కాబట్టి మీ దగ్గర ఇవి కచ్చితంగా మారతాయి.

వేరే ఆంప్ దొరికితే?

ఫెండర్ డీలక్స్ రివర్బ్ అయితే సుమారు 22 వాట్లు, రెండు ఛానెల్స్. మాస్టర్ లేదు, మిడిల్ నాబ్ కూడా లేదు. మిడిల్ పెంచాలంటే ట్రెబుల్, బాస్ తగ్గించి వాల్యూమ్ పెంచాలి. పైగా రివర్బ్, స్పీడ్, ఇంటెన్సిటీ ఉంటాయి. చివరి రెండూ సౌండ్‌ని ఊపే ట్రెమొలో ఎఫెక్ట్‌కి.

వాక్స్ ఏసీ30లో ప్యానెల్ పైన ఉంటుంది. దాని మీది 'కట్' నాబ్ దగ్గర జాగ్రత్త. అది పెంచితే హై ఫ్రీక్వెన్సీలు తగ్గుతాయి. అన్ని నాబ్‌లలాగే కుడికి తిప్పి "సౌండ్ మూసుకుపోయిందేంటి?" అని తికమకపడేవాళ్లు చాలామంది.

రెండు మూడు ఛానెల్స్ ఉన్న ఆంప్‌లలో ఒక్కో ఛానెల్‌కి విడిగా గెయిన్, వాల్యూమ్ ఉండి, టోన్ నాబ్‌లు ఉమ్మడిగా ఉండొచ్చు. ఎన్ని నాబ్‌లు కనిపించినా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది ముందు భాగానిదా, మధ్యదా, పవర్ భాగానిదా?

ఆంప్ లేనివాళ్లు ఇలా ట్రై చేయండి

ఫోన్‌లో ఆంప్ యాప్ ఓపెన్ చేసి బ్రిటిష్ ఆంప్ మోడల్ ఎంచుకోండి. యూట్యూబ్‌లో గిటార్ లేకుండా డ్రమ్స్, బాస్ మాత్రమే ఉన్న బ్యాకింగ్ ట్రాక్ ఒకటి పెట్టండి. ముందు నా ఫెస్ట్ సెట్టింగ్‌తో వాయించి రికార్డ్ చేయండి: బాస్ 8, మిడిల్ 2, ట్రెబుల్ 8. తర్వాత బాస్ 4, మిడిల్ 7, ట్రెబుల్ 5 పెట్టి మళ్లీ రికార్డ్ చేయండి. రెండూ హెడ్‌ఫోన్స్‌లో కాకుండా ఫోన్ స్పీకర్‌లో వినండి. రెండోది ఒంటరిగా వింటే ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. ట్రాక్‌తో కలిపి వింటే ఏది గిటారో వెంటనే తెలుస్తుంది.

కిందటి నెల మా పాత బ్యాండ్ మళ్లీ కలిసింది. ఉద్యోగాలొచ్చాయి, ఒకడికి పెళ్లయింది, వేళ్లు మొద్దుబారాయి. జామ్ రూమ్‌లో గంట దొరికింది. అదే సోలో వాయించాను. మూడు చోట్ల తప్పులు. మా డ్రమ్మర్ ఫోన్‌లో వీడియో తీశాడు. ఆ మూడు తప్పులూ స్పష్టంగా వినిపిస్తున్నాయి.

ఇంత ఆనందంగా తప్పులు విన్నది మాత్రం అదే మొదటిసారి!